ఊరంతా కలిసి చూడని విచారణ

"పెన్సిల్వేనియా రాష్ట్రం, డ్రెషర్ గ్యాప్ గ్రామ స్వచ్ఛంద అగ్నిమాపక సంఘం వారు ప్రజలకు తెలియజేయునది ఏమనగా, వాషింగ్టన్ అల్లర్లపై ఈ గురువారం రాత్రి ఎనిమిది గంటలకు టీవీలలో ప్రసారం కానున్న బహిరంగ విచారణను సంఘం హాలు నందు సామూహికంగా చూడకుండా ఉండుటకు నిశ్చయించడమైనది. చూడకుండా ఉండదలచినవారు సకాలంలో హాజరు కావలెను. ఇంటిపేరు ఎల్ అక్షరం లోపు వారు కూర, ఆ పైవారు తీపి తేవలెను."

ఈ నోటీసు చదివి నవ్వేవాళ్ళకి ఊళ్ళు నడిచే పద్ధతి తెలియదన్నమాట. డ్రెషర్ గ్యాప్ పద్ధతి గల ఊరు. ఏడాదిన్నర కిందట, ఆ జనవరిలో, ఎన్నికల ఫలితం చెల్లదంటూ రాజధానిలోని చట్టసభ భవనం కిటికీలు పగలగొట్టి జనం లోపలికి పోయినప్పుడు, దేశమంతా నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంటే డ్రెషర్ గ్యాప్ మాత్రం వెంటనే సమావేశం పెట్టుకుంది. లోపలికి వెళ్ళినవాళ్ళెవరూ మనవాళ్ళు కారు, అవతలి పక్షం వాళ్ళు అద్దెకు తెచ్చిన నటులు, కనుక జరిగింది అల్లరి కాదు, ప్రదర్శన అని పద్నాలుగో నెంబరు తీర్మానం చేసింది. అనుకూలం అరవై ఒకటి, వ్యతిరేకం సున్న. ఆ ఊళ్ళో తీర్మానం మార్చాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మూడింట రెండొంతుల మంది చేతులెత్తాలి. నిజం అనేదానికి ఇలాంటి నిబంధనలేవీ ఉండవు కాబట్టి అది ఎప్పుడు పడితే అప్పుడు మారిపోతూ ఉంటుంది. తీర్మానం అలా కాదు.

ఎవరింట్లో వాళ్ళు చూడకుండా ఉంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. చూడలేదని పక్కింటివాళ్ళకి తెలిసేదెలా? టీవీ వెలుగు కర్టెన్ల మీద పడుతుంది. అందుకని సాక్షుల సమక్షంలో చూడకుండా ఉండడమే మేలని సంఘం అధ్యక్షుడు హార్లన్ బ్రూబేకర్ భావించాడు. ట్రాక్టర్లు అమ్మే మనిషి, దూరం ఆలోచిస్తాడు. తాము చూడకుండా ఉన్నది ఆ కార్యక్రమాన్నేనా లేక పొరపాటున వేరేదాన్నా అన్న అనుమానం ఎవరికీ రాకుండా హాల్లో టీవీ పెట్టి ఉంచారు. చూడట్లేదు కాబట్టి శబ్దం తీసేశారు. చెవులు సరిగా వినబడని పెద్దలు నలుగురు ఉన్నారు కాబట్టి, వాళ్ళ సౌకర్యం కోసం, మాటలు అక్షరాల్లో కింద పడేలా మీట నొక్కారు.

ఎనభై మూడు మంది వచ్చారు. అందరూ కుర్చీలు టీవీ వైపు తిప్పుకుని, చూడకుండా కూర్చున్నారు.

అదే సమయంలో గ్రంథాలయంలో అవతలి పక్షం వాళ్ళు తొమ్మిది మంది చూస్తున్నారు. వాళ్ళ నాయకురాలు మిస్ జూడిత్ ఫెన్‌స్టర్‌మేకర్, ముప్ఫై నాలుగేళ్ళు ఊరి పిల్లలకి పౌరశాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. ఆమె న్యాయమూర్తి సుత్తి ఆకారంలో బిస్కెట్లు కాల్చి తెచ్చింది. నిర్ఘాంతపోవడానికి అందరూ చేతిరుమాళ్ళు తెచ్చుకున్నారు. ఆర్నెల్లుగా పత్రికల్లో చదువుతున్న విషయాలే తెర మీద చెబుతున్నా, ప్రతిదానికీ ఇప్పుడే విన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. దేశభక్తి ఉన్నవాళ్ళకి ఆమాత్రం అలసట తప్పదు.

వెండెల్ స్టౌఫర్ అగ్నిమాపక హాల్లో మూడో వరసలో, భార్య ఆర్లీన్ పక్కన కూర్చున్నాడు. వయసు యాభై ఎనిమిది. చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో ఏసీలు బాగుచేసే మనిషి అతనొక్కడే. జూన్ నెలలో ఆ ఊళ్ళో ఫాదరీ తర్వాత అంత గౌరవం ఉన్నవాడు వెండెల్. జూలైలో ఫాదరీ కన్నా ఎక్కువే.

ఎనిమిదిన్నర దాటాక తెర మీద భవనం మెట్లు కనబడ్డాయి. పొగ, జెండాలు, కేకలు వేసే నోళ్ళు. ఆ గుంపులోంచి, కాషాయం గోధుమ గళ్ళ ఉన్ని టోపీ, నెత్తిన పిడికెడు దూది ఉండ ఉన్న మనిషి ఒకడు నాలుగు సెకన్లపాటు నేరుగా కెమెరా వైపు చూశాడు. ఆ టోపీ ఆర్లీన్ అల్లింది. మధ్యలో ఊలు సరిపోక ఒక చెవి పొట్టిగా, ఒక చెవి పొడుగ్గా వచ్చింది. అలాంటిది భూమ్మీద ఇంకోటి ఉండడానికి వీల్లేదు, ఉన్నా పెట్టుకునేవాడు ఉండడు.

హాల్లో ఎనభై మూడు ఫోర్కులు ఆగిపోయాయి.

తర్వాత ఒక పోలీసు అధికారిని చూపించారు. కర్టిస్ లోవెట్ అని పేరు పడింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కుడిచెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పాకాయి. నేను కింద పడ్డాను. వెనక నుంచి వచ్చిన ఒకాయన నా చెయ్యి మీద బూటు వేసి లోపలికి వెళ్ళాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ వెళ్ళిపోయాడు. ఈ రెండు వేళ్ళూ అప్పటినుంచీ వంగవు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వెండెల్ తొక్కింది అడుసు కాదు. ఆ రోజు బూటు కింద ఏదో కదిలిందని అతనికి తెలుసు. తిరిగి చూశాడు, చెయ్యి అని కూడా తెలుసు. ఏడాదిన్నరగా అది చిన్న దెబ్బే అయి ఉంటుందని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ చెయ్యి బల్ల మీద ఉంది. చూపుడువేలు, మధ్యవేలు కర్రముక్కల్లా చాపుకుని ఉన్నాయి. వెండెల్ తన వేళ్ళు చూసుకున్నాడు. సన్నని రాగి గొట్టాలు పట్టుకుని, కంటికి కనబడని మరలు తిప్పి అన్నం సంపాదించిన వేళ్ళు.

అందరూ అతన్నే చూస్తున్నారు. బ్రూబేకర్ గొంతు సవరించుకుని లేచాడు. మనం చూడడానికి రాలేదు కనుక చూసినట్టు కాదని చెప్పి, ఈ కాల్చిన హామ్ ఎవరిదో గానీ అమోఘంగా ఉందని ప్రశంసించాడు. హామ్‌కి చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నుంచీ వెండెల్ ఇంటికి గాజు గిన్నెలు రావడం మొదలైంది. డ్రెషర్ గ్యాప్‌లో ఎవరింట్లోనైనా చావు వచ్చినా, పురుడు వచ్చినా, ఇల్లు కాలినా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రేకు కప్పిన కాసరోల్ గిన్నె తెచ్చి ఇస్తారు. గిన్నె అడుగున కాగితపు టేపు మీద పేరు ఉంటుంది. భవనం మీద పడి టీవీలో దొరికిపోయినవాడి ఇంటికి ఏం తీసుకెళ్ళాలన్న దానికి పూర్వాచారం లేదు. ఆడవాళ్ళు ఫోన్లలో బాగా తర్జనభర్జన పడి, ఇది పిత్తాశయం ఆపరేషన్ కన్నా పెద్దది, మరణం కన్నా చిన్నది అని తేల్చారు. అంటే నూడుల్సు, చికెను, పుట్టగొడుగుల సూపు కలిపి కాల్చింది ఇవ్వవచ్చు గానీ, పైన చీజ్ వెయ్యనక్కర్లేదు. సాయంత్రానికి పదిహేడు గిన్నెలు చేరాయి. తెచ్చినవాళ్ళెవరూ విషయం ఎత్తలేదు. ఓవెన్‌లో మూడువందల యాభై డిగ్రీల్లో ఇరవై నిమిషాలు వేడి చేసుకోమని మాత్రం పదిహేడు మందీ చెప్పారు.

ఆర్లీన్ గిన్నెలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు కంప్రెసర్ తేవడానికి అల్లెన్‌టౌన్ వెళ్తున్నానన్నావు."

"అక్కడికే బయల్దేరాను. పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆగి ఉంది. ఎక్కమన్నారు, ఎక్కాను."

"ఎక్కమంటే ఎక్కడానికి నువ్వేమన్నా చంటిపిల్లాడివా? సరే. ఆ పిల్లాడి చెయ్యి తొక్కింది నువ్వేనా?"

"నేనే."

"చూసే తొక్కావా?"

"తొక్కాక చూశాను."

చూశాక కూడా లోపలికే వెళ్ళావు కదా అని ఆర్లీన్ అనలేదు, అతనికి మాత్రం వినబడింది. "అయితే చెప్పెయ్యి," అంది. "ఎవరో ఒకరికి చెప్పు. ఇలా మింగుకుని ఇంకో వేసవి నా ఎదురుగా కూర్చోకు. పోతూ పోతూ ఈ గిన్నెలు కడిగి ఇచ్చేసిరా, వారం దాటితే మాటొస్తుంది."

వెండెల్‌కి అదే న్యాయంగా తోచింది. ఒక్కరైనా చాలు. అవును వెండెల్, నువ్వు తప్పు చేశావు అని ఒక్క మనిషి తన మొహం మీద అంటే, ఆ తర్వాత ఏమైనా ఫరవాలేదనిపించింది.

కానీ ఈలోగా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పరిస్థితి క్లిష్టమైనదే. లోపలికి వెళ్ళినవాళ్ళు ఊరికి నిజంగా వీరులైతే ఊరేగింపు చెయ్యవచ్చు గానీ, అల్లరి జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. జరగలేదంటే నలభై ఏళ్ళుగా ఎరిగిన వెండెల్‌ని ఎరగమనాలి, అప్పుడు ఏసీల గతి? బ్రూబేకర్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, చరిత్రలో నిలిచే ప్రసంగం ఒకటి చేశాడు.

"సోదర సోదరీమణులారా! లోపలికి వెళ్ళినవారందరూ నటులని మనం ఏకగ్రీవంగా తీర్మానించి ఉన్నాము. మన వెండెల్ లోపలికి వెళ్ళి ఉన్నాడు. దీన్నిబట్టి తేలేది ఒక్కటే. ఇన్నాళ్ళూ మన మధ్య ఒక మహానటుడు నిరాడంబరంగా ఏసీలు బాగుచేసుకుంటూ జీవించాడు. మనమే గుర్తించలేదు. తప్పు మనది."

హాలు దద్దరిల్లింది. పాతికేళ్ళ కిందట క్రిస్మస్ నాటకంలో వెండెల్ మూడో గొర్రెల కాపరిగా వేసినప్పుడే తనకు అనుమానం వచ్చిందని ఒకావిడ చెప్పింది. ఆ నాటకంలో అతనికి మాటలు లేవు, కానీ లేకపోవడాన్ని చాలా బాగా పోషించాడట. వెండెల్ లేచి నిలబడ్డాడు.

"హార్లన్, నేను నటించలేదు. నిజంగానే వెళ్ళాను. ఒక మనిషి చెయ్యి తొక్కాను."

బ్రూబేకర్ కళ్ళు చెమర్చాయి. "విన్నారుగా," అన్నాడు సభవైపు తిరిగి, "గొంతు ఎక్కడ వణకాలో అక్కడే వణికింది."

పదిహేనో నెంబరు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వెండెల్ స్టౌఫర్ నటుడు.

ఆ వారమంతా వెండెల్ పొద్దున్న ఏసీలు చూసుకుని, మధ్యాహ్నం గిన్నెలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళని ఊరు ఎరుగును గానీ, గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ నేనే దొంగని అని మొత్తుకునేవాణ్ణి చూడడం అదే మొదటిసారి. మొదటి ఇంట్లో అతను తప్పు చెప్పుకుంటుంటే, దర్శకుడు మరీ కోపిష్టా అని అడిగారు. రెండో ఇంట్లో నెత్తురుకి టమాటా సాసు వాడారా, బీట్‌రూట్ రసమా అని అడిగారు. సాసు అని ఇంటావిడ, రసమని ఆమె చెల్లెలు పందెం వేసుకున్నారు. మూడో ఇంట్లో మనవరాలి ఫోటో చేతిలో పెట్టి, ఈసారి ఏదైనా జరిగేటప్పుడు గుంపులో ముందు వరసలో ఒక చిన్న వేషం ఇప్పించమని బతిమాలారు. ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ తురుము పోసి ఇచ్చిన ముసలాయన ఒక్కడే అతన్ని వసారాలో కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ నిజంగా తొక్కావా అని అడిగాడు. వెండెల్‌కి ప్రాణం లేచొచ్చింది. నిజంగానే అని నోరు తెరిచాడు. ముసలాయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు నాయనా, చెప్పకు. చెబితే నాకు తెలిసిపోతుంది. తెలిశాక ఈ వయసులో నేనేం చెయ్యను?"

ఆ మాటలో కొంచెం నిజాయితీ ఉందని వెండెల్‌కి అనిపించింది. గిన్నె ఇచ్చి వచ్చేశాడు.

ఇక మిగిలింది అవతలి పక్షం. ఊరంతా నటన అంటున్నప్పుడు జరిగిందని నమ్మేవాళ్ళు ఆ తొమ్మిదిమందే కదా. వెండెల్ నేరుగా ఫెన్‌స్టర్‌మేకర్ టీచరు ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలుపు తీసేసరికి లోపలి నుంచి కుంపటి మీద నుంచి వచ్చినట్టు గాలి కొట్టింది. ఏసీ పోయి నాలుగు రోజులైంది, వెండెల్ అప్పుడే చూసి పార్టుకి ఆర్డరు పెట్టాడు. గోడల నిండా రాజ్యాంగం. ఫ్రిజ్ తలుపు మీద, ఆపిల్ పండు ఆకారంలో ఉన్న అయస్కాంతం కింద, అల్లర్లలో పాల్గొన్నవారిని గుర్తుపట్టినవారు ఫోన్ చెయ్యవలసిన నెంబరు ఎర్రసిరాతో రాసి ఉంది.

"టీచరు గారూ, టీవీలో ఉన్నది నేనే. ఆ చెయ్యి తొక్కిందీ నేనే. మీరు ఫోన్ చెయ్యండి."

"ఒరే, మొదటి సెకన్లోనే పట్టాను రా. ఏడో తరగతిలో కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు కూడా నీ మొహం అచ్చం అలాగే ఉంది."

"మరి చెయ్యలేదేం?"

ఆవిడ కొంచెం ఇబ్బందిగా విసనకర్ర ఊపుకుంది. "రాజ్యాంగం నాకు ప్రాణంతో సమానం రా వెండెల్. కానీ పడగ్గదిలో తొంభై ఆరు డిగ్రీలుంది. నువ్వు లోపలికి వెళ్ళిపోతే నా ఏసీ ఎవరు చూస్తారు? నా పార్టు ఎప్పుడొస్తుంది?"

"బుధవారం."

"అయితే గురువారం పొద్దున్నే చేస్తాను. ప్రజాస్వామ్యం రెండొందల ఏళ్ళు నిలబడింది, బుధవారం దాకా నిలబడదూ?"

అయితే ఆవిడ తన ఒక్కదాని సుఖమే చూసుకునే మనిషి కాదు. తన పక్షం వాళ్ళు తక్కిన ఎనిమిదిమంది ఏసీల పరిస్థితి కూడా సేకరించి ఒక పట్టిక వేసింది. ఒకరిది నీళ్ళు కారుతోంది, ఒకరిది గురగుర మంటోంది, ఒకరిది ఇంకా పాడవలేదు గానీ పాడయ్యే వయసే. అందరివీ అయ్యాక న్యాయం జరిపించాలంటే సెప్టెంబరు ఇరవై రెండు పడుతోంది. ఆ తేదీ చుట్టూ గీత గీసి, ఈ విషయంలో రాజీపడే ప్రసక్తే లేదని వెండెల్‌కి హామీ ఇచ్చింది.

వెండెల్ ఇంటికొచ్చి తనే ఆ నెంబరుకి ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి మర్యాదగా పలికింది. ఊరి పేరు చెప్పగానే నిట్టూర్చింది.

"డ్రెషర్ గ్యాపా? మీ ఊరి నుంచి ఇప్పటికి అరవై రెండు ఫోన్లు వచ్చాయండీ. టోపీ పెట్టుకున్నాయన గురించేనా?"

వెండెల్ గుండె ఒక్కసారి తేలికైంది. అయితే ఊరికి తెలుసన్నమాట. పైకి నటన అన్నా, లోపల మనస్సాక్షి ఉందన్నమాట. నా పేరు ఎవరెవరు చెప్పారని అడిగాడు. ఆ అమ్మాయి కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది. టోపీ మనిషి హార్లన్ బ్రూబేకర్ అని అతని బావమరిది ఫోన్ చేశాడు. కంచె తగాదా ఉందిట. ఫాదరీ అని చర్చిలో పాటలు పాడేవాళ్ళు ముగ్గురు చెప్పారు, ప్రసంగాలు పొడుగవుతున్నాయిట. స్కూలు బస్సు నడిపే ఆయనని పదకొండుమంది పట్టించారు. గుమ్మడికాయల పోటీలో రెండేళ్ళు వరసగా గెలిచినావిడ మగవేషంలో ఉందని ఓడిపోయినావిడ ప్రమాణం చేసింది. ఫెన్‌స్టర్‌మేకర్ టీచరు మీదే తొమ్మిది వచ్చాయి, అన్నీ ఆవిడ దగ్గర పౌరశాస్త్రంలో తప్పినవాళ్ళవే.

"స్టౌఫర్ అన్న పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదండీ," అంది ఆ అమ్మాయి సానుభూతిగా.

"కానీ అది నేనేనమ్మా."

"మీరు అలాగే అంటారు. ఈ మధ్య పేరు కోసం ఒప్పుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మిమ్మల్ని ఎరిగిన ఊరి పెద్దమనుషులు ఇద్దరు సంతకం పెట్టిన వాంగ్మూలం పంపండి, చూస్తాం."

ఇద్దరు పెద్దమనుషులు! తొమ్మిదివందల గడప ఉన్న ఊళ్ళో వెండెల్ రెండు రోజులు తిరిగినా ఒక్క సంతకం దొరకలేదు. మూడో రోజు ఎండ నూటొక్క డిగ్రీకి చేరింది. తారు రోడ్డు కరిగి బూట్లకి అంటుకుంటోంది, కుక్కలు వసారాల కింద దూరాయి. ఆ పూట వెండెల్ జీవితంలో మొదటిసారి ఊరి పద్ధతిలో ఆలోచించాడు. తన వ్యాను అగ్నిమాపక హాలు ముందు ఆపి, తలుపుకి ఒక అట్ట తగిలించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "గుర్తుపట్టినవారికి మాత్రమే రిపేరు."

మొదటి రోజు ఎవరూ రాలేదు. సిద్ధాంతం అంటే సిద్ధాంతమే. రెండో రోజు పొద్దున బ్రూబేకర్ భార్య, ఏసీ ఉన్న తన చెల్లెలి ఇంటికి మకాం మార్చింది. మధ్యాహ్నానికి బ్రూబేకర్ చొక్కా గుండీలు విప్పుకుని వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, అట్టని మూడుసార్లు చదివాడు. తీర్మానానికి భంగం కలగకుండా గుర్తుపట్టవచ్చునా అని అడిగాడు. ఎలా రాసుకున్నా ఫరవాలేదు, పేరు ఉండాలి అన్నాడు వెండెల్. బ్రూబేకర్ వ్యాను బానెట్ మీద కాగితం పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ రాశాడు: "టోపీ ధరించిన వ్యక్తి వెండెల్ స్టౌఫరే. నటించుచుండగా కన్నులారా గాంచితిని."

పాము చావలేదు, కర్ర విరగలేదు. ఈ వార్త ఊళ్ళో పాకడానికి పది నిమిషాలు పట్టింది. సాయంత్రం నాలుగింటికి వ్యాను ముందు డెబ్బై నాలుగు మంది వరసలో నిలబడ్డారు. విచారణ చూడని మీరు చూసినట్టు ఎలా రాస్తున్నారని గ్రంథాలయం పక్షంవాళ్ళు వెటకారం చేస్తే, "చూడకుండా ఉన్న సమయమందు కనబడెను" అని సరిచేసి సంతకాలు పెట్టారు. ఫెన్‌స్టర్‌మేకర్ టీచరు నాలుగు పేజీలు, అడుగున వివరణలతో సహా రాసింది. సెప్టెంబరు ఇరవై రెండు గురించి అడిగితే, న్యాయంలో జాప్యం న్యాయనిరాకరణతో సమానమని తాను ముప్ఫై నాలుగేళ్ళు బోర్డు మీద రాశానని గుర్తుచేసింది. రెండు పక్షాల వాళ్ళూ ఆ ఊళ్ళో ఒకే వరసలో నిలబడడం ఎన్నేళ్ళ తర్వాతో. దేశం ముక్కలైపోయిందని బెంగపెట్టుకునేవాళ్ళు వచ్చి చూసి ఉండవలసింది. కాగితం చేతికిస్తూ ప్రతి ఒక్కరూ వెండెల్ చెవిలో ఒకటే చెప్పారు, మా ఇంటికి ముందు రమ్మని.

వెండెల్ మాట మీద నిలబడే మనిషి. సంతకాల కాగితాలన్నీ ఫెడరల్ ఆఫీసుకి పంపి, తొమ్మిది రోజుల్లో ఊళ్ళో ఏసీలన్నీ బాగుచేశాడు. పదో రోజున ఫెడరల్ అధికారులిద్దరు వచ్చి మర్యాదగా తీసుకెళ్ళారు. ఆర్లీన్ అతని చేతికి సాండ్‌విచ్ పొట్లం ఇచ్చి, ఇప్పుడు నీ మొహం నీ మొహంలా ఉంది అంది. వెండెల్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. వకీలు ఎంత వద్దన్నా నేరం ఒప్పుకున్నాడు.

శిక్ష వేసే రోజు జనవరిలో పడింది. చలికాలం, ఎవరికీ పని లేదు. ఊరు చర్చి బస్సు మాట్లాడుకుని వాషింగ్టన్ వెళ్ళింది. నటన అన్నవాళ్ళు వెనక సీట్లలో, కాదన్నవాళ్ళు ముందు సీట్లలో కూర్చున్నారు. బస్సులోకి హామ్ సాండ్‌విచ్చులు, సుత్తి బిస్కెట్లు రెండూ వచ్చాయి, రెండూ అయిపోయాయి. ఆర్లీన్ మాత్రం వాళ్ళతో రానని ఒక్కతే వ్యాను నడుపుకుంటూ వెళ్ళింది.

కోర్టులో కర్టిస్ లోవెట్ ముందు వరసలో ఉన్నాడు. వెండెల్ కాగితం ఏమీ తెచ్చుకోలేదు. అతని వైపు తిరిగి నిలబడ్డాడు.

"మీ చెయ్యి తొక్కింది నేను. తొక్కాక తిరిగి చూశాను. అప్పుడైనా ఆగి మిమ్మల్ని లేపాల్సింది. లేపలేదు. నాకూ చేతులతో చేసే పనే. మీ వేళ్ళు తెచ్చి ఇవ్వలేను. తప్పు నాది."

"విన్నాను," అన్నాడు లోవెట్.

అంతే. క్షమించానని అనలేదు, వెండెల్ అడగనూ లేదు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగినా దొరకని మాట అది. పద్నాలుగు నెలలు శిక్ష పడింది. వెండెల్ తలొంచి విని, ఆర్లీన్ వైపు చూసి, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నడక చూసి ఆర్లీన్ ఏడ్చింది.

ముందు సీట్ల వాళ్ళు శిక్ష మరీ తక్కువైందని వరండాలో ఆగ్రహం ప్రకటించారు. ఫెన్‌స్టర్‌మేకర్ టీచరు నోటుబుక్కులో నెలలు వేసుకుని, ఈ పద్నాలుగింటిలో వేసవి ఒక్కటే వస్తుందని తేలాక, ఇంకా ఎక్కువ వేసి ఉండాల్సిందని తానూ అంది, కొంచెం మెల్లగా.

బ్రూబేకర్ జనాన్ని తోసుకుంటూ లోవెట్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. లోవెట్ ఎడమచెయ్యి ఇచ్చాడు.

"మా ఊరివాడు సరే, వాడి సంగతి మాకు తెలుసు," అన్నాడు బ్రూబేకర్ ఆ చెయ్యి ఊపుతూ. "కానీ బాబూ, మీది ఇంకా సహజంగా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత మంచి నటన చూశాను."

లోవెట్ చెయ్యి వెనక్కి తీసుకుని, కోటు జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా ఆ మాటే. ఏడుపు ఎవరైనా తెచ్చుకుంటారు, కుంటడం ఎవరైనా కుంటుతారు, ఆ వేళ్ళు అలా ఉంచడం మాత్రం సామాన్యం కాదని వెనక సీట్ల వాళ్ళు అన్నారు. చూద్దాం పదండని బ్రూబేకర్ గడియారం పట్టుకున్నాడు. అందరూ కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని రెండు వేళ్ళు బిగబట్టి చాపారు. దారి దూరం, తోచడం లేదు, కాబట్టి ముందు సీట్ల వాళ్ళు కూడా చాపారు. మూడు నిమిషాలకి మణికట్లు లాగాయి. ఐదు నిమిషాలు దాటేసరికి ఒక్క వేలు కూడా నిలబడలేదు, అందరూ చేతులు దులుపుకుని అబ్బా అబ్బా అనుకున్నారు. రెండేళ్ళపాటు, తిండి తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ కూడా, ఆ రెండు వేళ్ళూ వంచకుండా ఉన్నాడంటే ఆ పోలీసు ఎంత గొప్ప నటుడో అప్పుడు వాళ్ళకి బోధపడింది.